కండక్టరుగారి చలివేంద్రం

ట్యాంకరు రావడం ఆలస్యమవుతుందని మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి. అంతవరకు ఎవరూ వాషింగ్ మెషీన్ వేయవద్దని దాని కింద ఇంకొకటి. ఆ కిందే, ఎదురింటి పాట్ అంకుల్ పొద్దున్నే పోయారట అని ఎవరో పెట్టారు. చేతులు జోడించిన బొమ్మలు గబగబా నాలుగైదు వచ్చాయి. ఆ చేతుల కింద ఒకాయన, ఇంతకీ ట్యాంకరు ఎన్నింటికి వస్తుందో ఎవరైనా చెప్తారా అని అడిగాడు. ఆయన్ని తప్పు పట్టలేను. మారతహళ్ళి నుంచి వర్తూరు పోయే రోడ్డు పక్క సందుల్లో ఎండాకాలం వస్తే మనిషికి చావు తర్వాతే గుర్తొస్తుంది, ట్యాంకరు ముందు గుర్తొస్తుంది.

పాట్ అంకుల్ అన్నది గేటు ముందు పెట్టే కుండని బట్టి మావాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరేమిటో నాకు తెలియదు. ఇన్నేళ్ళు ఎదురెదురుగా ఉండి, ఆ గేటు దగ్గర అన్నిసార్లు కూర్చుని కూడా పేరు అడగాల్సిన అవసరం రాలేదు. మొదట్లో నేనూ అందరిలాగే అంకుల్ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"అంకులంటే బ్యాంకు క్యూలో ఎవురో పిలిచినట్టుండాది. నీకు తెలుగొచ్చు, నాకు తెలుగొచ్చు. నడిమధ్యలో ఈ అంకులెవురమ్మయ్యా?"

మాది గోదావరి వైపు. అలవాటు కొద్దీ పెదనాన్నగారూ అన్నాను. ఆ 'గారు' ఆయనకి భలే నచ్చింది. మళ్ళీ అనిపించుకోవడానికి వినపడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకునేవాడు. వాళ్ళది ఆనేకల్ వైపు. తాతల నాటి నుంచీ ఈ నేలలోనే ఉన్న తెలుగువాళ్ళు. కన్నడం, తెలుగు ఒకే నోట్లో ఒకదాన్నొకటి తోసుకోకుండా ఉండేవి.

ఆయన సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది గానీ బస్సు ఆయన ఒంట్లోంచి దిగలేదు. ఎక్కడ నిలబడినా కాళ్ళు ఎడం చేసి, ఒక భుజం గోడకో గేటు స్తంభానికో ఆనించి నిలబడేవాడు, నేల ఎప్పుడు కుదుపుతుందో తెలియనట్టు. పాలపాకెట్టుకి ఇచ్చే నోటును నిలువుగా మడిచి వేళ్ళ సందున పెట్టుకునేవాడు. గేటు దగ్గర కుక్క అడ్డం పడుకుంటే "ముందుకు జరగప్పా, ముందు ఖాళీ ఉండాది కదా" అనేవాడు. కారు వెనక్కి తీసేవాళ్ళు కనిపిస్తే ఎవరూ అడక్కుండానే వెళ్ళి, దాని ఒంటిమీద అరచేత్తో కొట్టి "రైట్, రైట్" అని పంపేవాడు. కొత్తకారు వాళ్ళు అద్దం దించి కోపంగా చూసేవారు. ఆయన చెయ్యూపేవాడు.

రోజంతా వందల చేతులు తనవైపు చాచుకుని ఉండగా బతికిన మనిషికి, ఇప్పుడు ఆ ఇంట్లో మాట్లాడటానికి ఒక్క ప్రాణి లేదు. భార్య పోయింది. ఒక్కతే కూతురు ఆనేకల్‌లో కాపురం ఉంటోంది. రమ్మంటుంది, ఈయన వెళ్తాడు, రెండు రోజులకే ఏదో సాకు చెప్పి వచ్చేస్తాడు. అక్కడ వాళ్ళంతా పనికి పోతే ఇంకో ఇంట్లో ఒంటరిగా కూర్చోవడమే, దానికి నా ఇల్లేం పాపం చేసింది అనేవాడు.

శివరాత్రి వెళ్ళిందంటే ఆయన గేటు బయట చిన్న పందిరి లేచేది. కింద ఇసుక, ఇసుకలో కుండ, కుండ చుట్టూ తడిగుడ్డ. చలివేంద్రం. ఆయన మాత్రం కన్నడంలో అరవట్టిగె అనేవాడు. ఏ చలివేంద్రంలోనూ లేని నియమం ఒకటి అక్కడ ఉండేది. గ్లాసు కుండ మీద ఉండదు, ఆయన చేతిలో ఉంటుంది. ఆయనే ముంచి పోసి ఇవ్వాలి. మీరు తాగి ఆయన చేతికే ఇవ్వాలి. అందుకని మధ్యాహ్నమంతా ఎండలో స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

"గ్లాసుకి గొలుసు కట్టి పెట్టేసి మీరు లోపల ఫ్యాను కింద పడుకోవచ్చుగా?" అన్నాను ఒకరోజు.

"గొలుసు బస్టాండులో కడతారు. ఇంట్లో కడతారా?" అని, కుండ చుట్టూ గుడ్డ తడుపుతూ చెప్పాడు. "సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేను సీసా మోసినోణ్ణి కాదమ్మయ్యా. ఆఖరు స్టాపులో బస్సు నిలిపినామా, ఎవురి వాకిట్లోనో నిలబడి, అమ్మా స్వల్ప నీళ్ళియ్యండి అంటే చాలు, చెంబుతో వస్తాండిరి. ఏవూరు, పిల్లోళ్ళెంతమంది అని అడుగుతాండిరి. నిజం చెప్పల్లంటే సగం దినాలు నాకు దప్పే లేదు. ఆ నాలుగు మాటలకే నీళ్ళడిగింది."

ఇప్పుడు ఆయన అవతలి వైపుకి వచ్చి కూర్చున్నాడు, ఎవరైనా అడుగుతారేమోనని. అదీ ఆ పందిరి కథ. పుణ్యం, పురుషార్థం అంతా పైకి చెప్పుకునే మాటలు.

నేను ఆఫీసు పని ఎక్కువగా ఇంట్లోంచే చేస్తాను. ఒక్కదాన్నే ఉంటాను. పగలంతా చెవుల్లో మనుషులు, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీస్తే ఎవరూ లేరు. మధ్యాహ్నం కాల్స్ మధ్య సందు దొరికితే కిందికి దిగి ఆయన గేటు దగ్గరికి వెళ్ళేదాన్ని. నన్ను చూడగానే గ్లాసు నింపి ఉంచేవాడు. నా వంటింట్లో గోడకి వేలాడే ఆర్ఓ మెషీన్ ఉంది. దాహమైతే అక్కడే తీరుతుంది. నేనూ దాహానికి వెళ్ళలేదు.

నేను కాక ఆ కుండకి నమ్మకమైన గిరాకీ మా వీధి ఊడ్చే ఆమె. ఆమెదీ తెలుగే. చీపురు గోడకి ఆనించి, చీర చెంగుతో మొహం తుడుచుకుని, గ్లాసు పైకెత్తి గటగట తాగేది. అప్పుడప్పుడు ఆటోవాళ్ళు, ఎదురు కట్టడం దగ్గరి మేస్త్రీలు. అంతే. మెళ్ళో ఐడీ కార్డులు వేలాడేసుకున్న పిల్లలు, పీజీల్లో ఉండేవాళ్ళు, డెలివరీ కుర్రాళ్ళు ఆ కుండని చూసి, చూడనట్టు వెళ్ళిపోయేవారు. ఒకమ్మాయి మాత్రం ఆగి, ఇది ఏ వాటర్ అని అడిగింది. కావేరీ అని ఆయన గొప్పగా చెప్పాడు. ఫిల్టర్ చేశారా అంది. చేయలేదు. సారీ అంకుల్ అని వెళ్ళిపోయింది.

ఆ పిల్ల మామూలుగా అన్న మాట ఈయనకి పట్టుకుంది. ఆ రోజు నుంచీ నీళ్ళని బాగుచేసే పనిలో పడ్డాడు. నిజానికి ఆ నీళ్ళకి పెద్ద జబ్బేమీ లేదు.

మొదట చిల్లగింజలు తెప్పించాడు, ఆనేకల్‌లో చెల్లెలు పంపింది. వాటిని సానరాయి మీద నీళ్ళతో అరగదీసి, ఆ గంధం కుండలో కలిపితే మడ్డి అడుక్కి దిగి నీళ్ళు తేటపడతాయి. వరదలప్పుడు ఎర్రటి గోదావరి నీళ్ళకి మా ఇంట్లోనూ అలాగే చేసేవారు.

"కొళాయి నీళ్ళు తేటగానే ఉన్నాయి కదండీ. మడ్డేదీ దిగడానికి?" అన్నాను.

"ఉండనీ. నలుగురూ పోతా వస్తా చూస్తారు కదా, ఈయనేదో శుద్ధం చేస్తాండాడని. చూస్తే నమ్మకం వస్తాది."

కాబట్టి గేటు బయటే, నడివీధిలో అందరికీ కనిపించేట్టు కూర్చుని అరగదీయడం మొదలుపెట్టాడు. ఒక ముసలాయన ఏదో గింజ నూరి, ఆ ముద్ద కుండలో కలిపి, దారిన పోయేవాళ్ళని రాండప్పా తాగండి అని పిలుస్తుంటే ఎవరు తాగుతారు? ఆ వారమంతా జనం సందు అవతలి వైపు నుంచి నడిచారు. మా గ్రూపులో ఒకావిడ, ఆయన నీళ్ళలో ఏం మందు కలుపుతున్నాడో కనుక్కోండి అని రాసింది. నేను పడీపడీ నవ్వాను. ఆయనకి చెప్తే ఆయనా నవ్వాడు గానీ, సానరాయి లోపల పెట్టేశాడు.

తర్వాత కాచడం. జీలకర్ర వేసి పెద్ద గిన్నెలో కాచి, చల్లార్చి, గుడ్డతో వడకట్టి కుండలో పోసేవాడు. గ్యాసు బండ ఎంతకాలానికి అయిపోతుందో కూడా చూసుకోలేదు. అట్టముక్క మీద మూడు భాషల్లో 'కాచి చల్లార్చిన నీళ్ళు' అని నాచేతే రాయించాడు. జనం అట్ట చదివేవారు, కుండ చూసేవారు, వెళ్ళేవారు. ఆ తర్వాత నీళ్ళలో ముంచితే అంకె చూపించే పెన్ను లాంటి మీటరు కావాలన్నాడు, అంకె ఎంత తక్కువైతే నీళ్ళు అంత మంచివట. నేనే ఆన్‌లైన్లో తెప్పించి ఇచ్చాను. కొన్నాళ్ళు చొక్కా జేబులో అదే. కొబ్బరిబోండాల బండి వాడి బకెట్లో కూడా ముంచి చూశాడు. మా ఇంటి ఆర్ఓ నీళ్ళు తెమ్మని ముంచి, తన కుండ కన్నా బాగా తక్కువ చూపిస్తే మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అది ఉప్పులెన్ని ఉన్నాయో చెప్తుంది, అంతే పెదనాన్నగారూ. క్రిములున్నాయో లేవో దానికి తెలియదు" అని సముదాయించాను.

"అట్లయితే దీనికి నా ఉద్యోగమే ఇచ్చినారు. ఎన్ని తలకాయలో చెప్తాది. ఎక్కినోడు దొంగో దొరో చెప్పదు" అని మీటరు నా చేతికి తిరిగి ఇచ్చేశాడు.

క్రిములన్న మాట నేనెందుకు అన్నానో గానీ, మర్నాడే క్లోరిన్ మందు తెచ్చాడు. చుక్కలు కొలిచి వేయాల్సింది, చెయ్యి ధారాళమైంది. ఊడ్చే ఆమె వచ్చి, అలవాటు ప్రకారం గ్లాసెత్తి, ఒక గుక్క మింగి మిగతాది పక్కకి ఉమ్మేసింది.

"ఏందన్నా ఈ వాసన? ఆసుపత్రి కడిగిన నీళ్ళు పోసినావా?"

"క్రిములు సస్తాయి తల్లీ."

"క్రిముల మాట దేవుడెరుగు, నేను సచ్చేట్టుండా."

మర్నాటి నుంచి ఆమె నడుముకి ఒక పాత ప్లాస్టిక్ సీసా కట్టుకుని వచ్చింది. ఈయన మందు మానేసి, కుండ కడిగి ఎండబెట్టి, మామూలు నీళ్ళు నింపి ఆమె కోసం చూశాడు. ఈలోగా ఆమెను వేరే వీధికి మార్చారు. ఆమె ఎటు వెళ్ళిందో తెలియక ఆ పక్క వీధులన్నీ తిరిగి వచ్చాడు.

"ఎక్కనోళ్ళ కోసం చూస్తా చూస్తా, ఎక్కినోళ్ళని దింపేసినా" అన్నాడు ఆ సాయంత్రం. నేను ఏదో వేళాకోళం చేసి నవ్వించాలని చూశాను. నవ్వలేదు.

అప్పుడే కూతురు చూడటానికొచ్చింది. మంచి పిల్ల, నాన్నంటే ప్రాణం, మాట మాత్రం కరుకు. "ఈ కాలంలో కుండలో ఎవురు తాగుతారు నాయనా? సీలు బాటిళ్ళు పెట్టు, అదే తీసుకుంటారు" అంది. ఆయన ఒప్పుకున్నాడు. ఒక శుక్రవారం చిన్న నీళ్ళసీసాల పెట్టెలు తెప్పించి, ప్లాస్టిక్ తొట్టిలో ఐసు వేసి, సీసాలు నిలబెట్టాడు. ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

నేను బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాను. నిజంగానే జనం వచ్చారు. డెలివరీ కుర్రాళ్ళు బండి దిగకుండా చెయ్యి చాచి అందుకున్నారు. ఐడీ కార్డుల పిల్లలు గుంపుగా వచ్చి తలా ఒకటి తీసుకున్నారు. ఒకతను రెండు తీసుకుని ఒకటి బ్యాగులో పడేసుకున్నాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, మీటింగు మధ్యలో వదిలేసి పరుగున కిందికి దిగాను. నేను వెళ్ళేసరికి తొట్టిలో ఐసు నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"అప్పుడే అయిపోయాయా పెదనాన్నగారూ! బస్సు నిండిపోయింది!"

"అయిపోయినాయి."

"మరి ఆ మొహమేమిటి?"

"అందురూ తీసుకోని పోయినారమ్మయ్యా. ఒక్కరూ తాగలే."

"ఇంటికో ఆఫీసుకో వెళ్ళి తాగుతారండీ. వేస్టు చేయరు."

"తాగుతారు. లేదనలే. నేను చూడలే కదా." తొట్టి అంచు పట్టుకున్నాడు. "గ్లాసైతే తిరిగియ్యల్ల. తిరిగిచ్చేదానికైనా మనిషి నిలబడల్ల. దీనికి నిలబడే పనే లే. నా మొకం చూసే పనీ లే."

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన కోసమో, నా కోసమో తేల్చుకోలేదు. ఇద్దరం కలిసి తొట్టిలో నీళ్ళు గేటు పక్కనున్న కరివేపాకు మొక్కకి పోశాం.

ఆ తర్వాతి ఎండాకాలం పందిరి లేవలేదు. కుండ లోపలే ఉంది. స్టూలు మాత్రం గేటు బయటే. నేను వెళ్తే లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చేవాడు, నేను అడిగే సందు ఎప్పుడూ ఇవ్వలేదు. మనిషి చిక్కిపోయాడు. మెట్లు ఎక్కితే ఆయాసం. కూతురు ఈసారి గట్టిగా పట్టుబట్టి వచ్చెయ్యమంది.

"పోతాలే. ఈ ఎండాకాలం కానీ" అన్నాడు నాతో.

"ఎండాకాలంలో ఏముందండీ ఇక్కడ? చలివేంద్రం కూడా లేదు."

ఆయన రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "మనుషులు ఒకర్నొకరు నీళ్ళడిగేది యెప్పుడు నిలిచిపోయిందో నీకేమైనా గుర్తుండాదా? నాకు లే. ఒక దినం ఉండింది, ఒక దినం లే. సుమ్మనే, ఊరికే, ఎవురైనా ఒకరు వచ్చి, నేను పిలిస్తే కాదు, వాళ్ళంతకు వాళ్ళు ఈ వాకిట్లో నిలబడి నీళ్ళియ్యండి అనల్ల. అది విని పోదామని."

ఆ మాట అన్నాక ఇంకా చాలా రోజులే బతికాడు. ఎవరూ అడగలేదు. ఈ సందులో చేతిలో సీసా లేని మనిషి కనిపించడు, అడిగేదెవరు?

మెసేజి చూసి నేను కిందికి దిగేసరికి ఎదురింటి ముందు షామియానా వేస్తున్నారు. ఆయన్ని వరండాలో, వాకిలికి ఎదురుగా పడుకోబెట్టారు. గడ్డం గీయించారు, చక్కగా ఉన్నాడు. జనం వస్తూనే ఉన్నారు. ఆయనతో పనిచేసిన కండక్టర్లు, డ్రైవర్లు, అందరూ ముసలివాళ్ళు, ఆనేకల్ నుంచి వాన్‌లో చుట్టాలు, మా అపార్టుమెంటు వాళ్ళు. పన్నెండు దాటిన ఎండ. షామియానా గుడ్డలోంచి కూడా నెత్తి మాడుతోంది. పక్కింటివాళ్ళు ఎవరో నీళ్ళసీసాల పెట్టె తెచ్చి గేటు దగ్గర దించారు. ఆయన చెల్లెలు, ఆ చిల్లగింజలు పంపిన పెద్దావిడ, చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దప్పా, తీసుకోని పోండి. ఆయప్ప లేసేదాకా ఈ వాకిట్లో ఎవురూ పచ్చి నీళ్ళు ముట్టకూడదు."

ఆ ఆచారం అందరికీ తెలిసిందే. పెట్టె వెనక్కి వెళ్ళింది. జనం పెదాలు తడుపుకుంటూ, విసురుకుంటూ నిలబడ్డారు. ఆ వాకిట్లో అంతమంది ఆగి నిలబడటం, ఆయన మొహంలోకి చూడటం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. అందరికీ దాహంగా ఉంది. ఒక్కరూ అడగరు. అడగకూడదు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆచారం మీదో, ఎండ మీదో, ఆయన మీదో తెలియదు.

కూతురు తల దగ్గర కూర్చుని ఉంది. నేను వెళ్ళి ఆ వాకిట్లో, అందరి మధ్యా నిలబడి అడిగాను.

"అమ్మా, కొంచెం మంచినీళ్ళిస్తావా?"

విసనకర్రలు ఆగిపోయాయి. పెద్దావిడ నా వైపు తిరిగింది. "ఏమమ్మా, చదువుకున్నట్టుండావు. సావింట్లో నీళ్ళడుగుతారా? మైల తెలీదా?"

"తెలుసండీ" అన్నాను.

కూతురు నన్ను చూస్తూ ఉండిపోయింది. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. తర్వాత తండ్రి మొహం వైపు ఒకసారి చూసి, లేచింది. అత్త ఏదో అంటున్నా వినిపించుకోకుండా లోపలికి వెళ్ళి, స్టీలు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. కుండలోవే, చల్లగా ఉన్నాయి. అందరూ చూస్తుండగా, ఆయన ఎదురుగా నిలబడి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాను.